చెన్నైలో సొంత పీసీ: ఏం కొనాలి, ఎలా బిగించాలి, ఓవర్‌క్లాకింగ్ జోలికి వెళ్ళాలా?

యూట్యూబ్‌లో ప్రాసెసర్ల రివ్యూలు చూసేటప్పుడు ఒక చిన్న అంకె చాలామంది పట్టించుకోరు. పరీక్ష చేసిన గదిలో ఎంత వేడి ఉందన్న అంకె అది. మామూలుగా 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటుంది. మే నెలలో చెన్నైలో, ఫ్యాన్ మాత్రమే తిరిగే గదిలో మధ్యాహ్నం పూట 35 డిగ్రీలు ఉండటం కొత్తేమీ కాదు. గాలితో చల్లార్చే కూలరైనా, నీళ్ళతో చల్లార్చే కూలరైనా, చిప్పును గది గాలికన్నా చల్లగా ఉంచలేదు. గది పది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే చిప్పు కూడా దాదాపు అంతే ఎక్కువ వేడెక్కుతుంది. రివ్యూలో 82 చూపించిన ప్రాసెసర్ మీ ఇంట్లో 92 చూపిస్తుంది.

అందుకని పార్టుల లిస్టు రాసుకునే ముందే ఒకటి తేల్చుకోండి. పీసీ పెట్టే గదిలో ఏసీ ఉందా? ఉంటే పీసీ నడిచినంతసేపూ ఏసీ వేస్తారా? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో కూడా మీ పీసీ ఆగకుండా నడవాలి. నా మటుకు, ఈ ఊళ్ళో ఓవర్‌క్లాకింగ్ (చిప్పును కంపెనీ పెట్టిన వేగం దాటించి నడపడం) కోసం పెట్టే డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీదో పవర్ సప్లై మీదో పెడితే ఎక్కువ ఉపయోగం. ట్యూనింగ్ సరదా ఉన్నవాళ్ళకు దారి చివర్లో చెప్తాను. కాకపోతే అది వోల్టేజీ పెంచే దారి కాదు, దించే దారి.

పని ఏంటి, మానిటర్ ఏంటి

"మంచి పీసీ ఒకటి కావాలి" అంటూ షాపుకు వెళ్తే, వాళ్ళ దగ్గర కదలని సరుకు మీ ఇంటికి వస్తుంది. కోడింగ్, ఆఫీసు పని, పిల్లల క్లాసులు, సినిమాలు, ఇంతవరకే అయితే విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ చాలు. రైజెన్ 5 8600జీ లాంటిదైతే తేలికపాటి గేమ్‌లు కూడా ఆడుకోవచ్చు. వీడియో ఎడిటింగ్ మీ పనైతే ఇంటెల్‌లోని క్విక్ సింక్, అంటే వీడియో పని కోసమే ఉన్న భాగం, బాగా సాయం చేస్తుంది. అలాంటప్పుడు పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్పు కొనకండి, దానిలో గ్రాఫిక్స్ భాగం ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. మెషిన్ లెర్నింగ్ చదివే పిల్లలకైతే CUDA (ఎన్విడియా కార్డుల చేత లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్) సపోర్టు కోసం ఎన్విడియా కార్డు తప్పదు. ఆ పనికి కార్డు వేగం కన్నా వీర్యామ్, అంటే కార్డు సొంత మెమరీ, ఎంత ఉందన్నదే ముందు అడ్డుపడుతుంది.

గేమింగ్ కోసమైతే మొదట మానిటర్ తేల్చుకోండి. ఇంట్లో ఉన్న 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములే చూపించే) 1080పీ మానిటర్‌నే వాడతానంటే ఖరీదైన కార్డు కొనడం దండగ. అది గీసిన ఫ్రేముల్లో సగానికి పైగా మీ కంటికి చేరవు. 1440పీ, 144 హెర్ట్జ్ మానిటర్ కొంటున్నారంటే మాత్రం బడ్జెట్‌లో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించండి. సగం దాకా పోయినా తప్పులేదు.

కార్డుల విషయంలో నేను మొదట చూసేది వీర్యామ్. ఆర్‌టీఎక్స్ 5060లో 8 జీబీ ఉంటుంది, 1080పీకి సర్దుకుంటుంది. కానీ కొత్త గేమ్‌లు టెక్స్చర్ల (బొమ్మల్లోని వివరాల) నాణ్యత పెంచితే 8 జీబీ దాటిపోతున్నాయి. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ రెండూ 8 జీబీ, 16 జీబీ రకాల్లో వస్తాయి. పేరు ఒకటే, పెట్టె దాదాపు ఒకటే, కాబట్టి బిల్లులో 16 అని రాసి ఉందో లేదో చూసుకోండి. ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీతో వస్తుంది, ధరకు మంచి కార్డే. కానీ మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే వీలు) లేకపోతే దాని వేగం బాగా పడిపోతుంది. పాత పీసీలో వేసుకుందామనుకునేవాళ్ళు ముందు ఆ సంగతి చూడాలి.

ప్రాసెసర్, మదర్‌బోర్డు

ఇక్కడే చాలామంది అవసరానికి మించి ఖర్చు పెడతారు. ఎక్కువమందికి సరిపోయే చిప్పు రైజెన్ 5 7600. ఆరు కోర్లు, 65 వాట్ల రేటింగు, గరిష్ఠంగా 88 వాట్లు తీసుకుంటుంది, పెట్టెలోనే కూలర్ వస్తుంది, తనంతట తానే 5.1 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. దీని అన్న 7600ఎక్స్ 105 వాట్ల చిప్పు, కూలర్ విడిగా కొనుక్కోవాలి, గేమ్‌ల్లో తేడా చాలా తక్కువ. 7000 సిరీస్‌లో ఇలాంటి ఎక్స్ చిప్పులను 95 డిగ్రీల దాకా వెళ్ళేలానే ఏఎమ్‌డీ తయారుచేసింది. చల్లటి దేశంలో అది పెద్ద విషయం కాదు. చెన్నైలో ఆ వేడంతా మీరు కూర్చున్న గదిలోకే వస్తుంది. ఆ ఒక్క ఎక్స్ అక్షరం కోసం డబ్బు ఇవ్వకండి.

7600 కూర్చునే గూడు పేరు ఏఎమ్5 సాకెట్, దానికి 2027 దాకా, ఆపైన కూడా కొత్త చిప్పులు ఇస్తామని ఏఎమ్‌డీ చెప్పింది. అంటే రేపు బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌కు ఆ భవిష్యత్తు లేదు. అయినా పాత డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉన్నవాళ్ళకు ఐ5 12400ఎఫ్, డీడీఆర్4 బోర్డు ఇప్పటికీ చౌకలో మంచి జోడీ.

ఇంటెల్ 13, 14 తరాల చిప్పులు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. వాటిలో కొన్ని పైస్థాయి చిప్పులు వోల్టేజీ అవసరానికి మించి అడగడం వల్ల లోపల దెబ్బతిని, గేమ్‌లు ఉన్నట్టుండి క్రాష్ అయ్యేవి. 2024లో ఇంటెల్ కారణం బయటపెట్టింది, బయోస్ (పీసీ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) ద్వారా మైక్రోకోడ్ అప్‌డేట్లు, అంటే చిప్పు లోపలి ఆదేశాల సవరణలు, ఇచ్చింది, ఆ చిప్పులకు వారంటీని మరో రెండేళ్ళు పొడిగించింది. అయితే అప్‌డేట్ ఇక ముందు జరిగే నష్టాన్ని ఆపుతుందే గానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగుచేయదు. ఎవరో ఏడాది పాటు పాత బయోస్‌తో నడిపిన 13900కే తక్కువ ధరకు దొరికిందంటే ఎందుకు దొరికిందో ఆలోచించండి.

బోర్డుల్లో ఓవర్‌క్లాకింగ్ నియమాలు ఇవి. ఇంటెల్‌లో చిప్పు పేరు చివర కే ఉండాలి, బోర్డు జెడ్ సిరీస్‌ది కావాలి. రెంటిలో ఒకటి లేకపోయినా ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం కదలదు. ఏఎమ్‌డీలో దాదాపు అన్ని రైజెన్ చిప్పులూ తాళం లేకుండానే వస్తాయి, బీ650 బోర్డు చాలు. ఏ620 బోర్డులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు. కే చిప్పు కొని బీ సిరీస్ బోర్డులో పెట్టేవాళ్ళు, 12400ఎఫ్ కోసం జెడ్ బోర్డు కొనేవాళ్ళు ఇద్దరూ కనిపిస్తుంటారు. ఇద్దరిదీ వృథా ఖర్చే.

ఓవర్‌క్లాక్ చేయకపోయినా బోర్డులో ప్రాసెసర్ సాకెట్ పక్కన ఉండే వోల్టేజీ భాగాల మీద, అంటే వీఆర్‌ఎమ్ మీద, అల్యూమినియం హీట్‌సింక్ ఉందో లేదో చూడండి. వేడి ఊళ్ళో బోర్డు ఆయుష్షు దీని మీద చాలా ఆధారపడుతుంది. వెనకవైపు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ఇంకా మంచిది. షాపులో ఎప్పటినుంచో ఉన్న బీ650 బోర్డుకు రైజెన్ 9000 చిప్పు పెడితే కొత్త బయోస్ లేకుండా ఆన్ కాదు. ఆ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో మీరే అప్‌డేట్ చేసుకోవచ్చు.

ర్యామ్, స్టోరేజీ

ఏఎమ్5కి డీడీఆర్5 మాత్రమే పడుతుంది. 16 జీబీవి రెండు, 6000 వేగం, సీఎల్30 (స్పందించే ఆలస్యాన్ని చెప్పే అంకె). 7000 సిరీస్‌కు ఇది సరిగ్గా నప్పుతుంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఆ టెన్షన్‌లో "ఇప్పుడు ఒక స్టిక్, తర్వాత ఒకటి" అనుకుంటారు. ఒక్క స్టిక్ పెడితే మెమరీ వెడల్పు సగమే ఉంటుంది, తర్వాత కొన్నది మొదటిదానితో కుదురుతుందన్న హామీ లేదు. బడ్జెట్ లేకపోతే 8 జీబీవి రెండు తీసుకోండి. నాలుగు స్లాట్లూ నింపే ఆలోచన కూడా వద్దు, డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెడితే వేగం బాగా దిగిపోతుంది.

స్టోరేజీకి 1 టీబీ జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చాలు. జెన్5 డ్రైవులు బాగా వేడెక్కుతాయి, ఇంటి పనిలో తేడా తెలియదు.

పవర్ సప్లై: ఇక్కడ కక్కుర్తి వద్దు

కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే "450 వాట్ల" పవర్ సప్లైని పక్కకు తిప్పి లేబుల్ చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ కరెంటు తీసుకునేది 12 వోల్టుల లైను నుంచి. లేబుల్ మీద ఆ గడిలో 16 ఆంపియర్లు అని ఉందనుకోండి, 12ని 16తో హెచ్చిస్తే 192 వాట్లు. పెట్టె మీద ఎన్ని వాట్లని రాసినా అసలు పనికొచ్చేది అంతే. మంచి 650 వాట్ల సప్లైలో అదే గడిలో 54 ఆంపియర్ల వరకు ఉంటుంది, హెచ్చిస్తే దాదాపు 650 వస్తుంది. షాపులోనే ఫోన్ క్యాలిక్యులేటర్ తీసి ఈ లెక్క వేయండి, మొహమాటం అక్కర్లేదు.

ఎంత వాటేజీ కావాలంటే, 7600 గరిష్ఠంగా 88, ఆర్‌టీఎక్స్ 5060 అయితే 145, బోర్డు, ఫ్యాన్లు, డ్రైవులు కలిపి ఒక 50. మొత్తం 300 లోపే. 550 వాట్లు హాయిగా చాలు, రేపు కార్డు మార్చే ఆలోచన ఉంటే 650 తీసుకోండి. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్నవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తాయి తప్ప, లోపలి భాగాల నాణ్యత గురించి పూర్తిగా చెప్పవు. చెన్నైవాళ్ళు చూడాల్సింది ఇంకొకటి ఉంది. స్పెసిఫికేషన్ షీట్‌లో ఆ వాటేజీని ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందో రాస్తారు. మంచివి 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి వాటేజీ ఇస్తాయి, కొన్ని 40 దగ్గరే ఆగిపోతాయి. కేబినెట్ లోపల 40 దాటడం ఇక్కడ ఎంతసేపు!

దీనితో ముడిపడ్డదే ఎర్తింగ్. చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి కేబినెట్ ఇనుప అంచు తాకితే వేళ్ళకు జివ్వుమంటోందా? టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతోందా? పవర్ సప్లై పాడైందని షాపుకు పరిగెత్తకండి. సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు బాడీకి రావడం మామూలే, అది ఎర్త్ పిన్ను గుండా నేలలోకి వెళ్ళిపోవాలి. ఎర్త్ లేకపోతే మీ చేతిలోంచి వెళ్తుంది. పాత ఇళ్ళలో, కొన్ని పీజీల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ మూడోదానికి వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించాకే కొత్త పీసీ పెట్టండి. ఇంటి ఓనరుతో గొడవైనా సరే.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏని చూసి మోసపోవద్దు. మామూలు 600 వీఏ యూపీఎస్ 360 వాట్లకు మించి మోయదు, మానిటర్‌తో కలిపి గేమ్ ఆడుతుంటే దాని అంచుకు చేరతారు. 1 కేవీఏ తీసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్‌దేనా అని చూడండి. చౌక ఇన్వర్టర్ల స్క్వేర్ వేవ్ మీద ఇప్పటి సప్లైలు కొన్ని కరెంటు పోయిన క్షణంలోనే ఆఫ్ అయిపోతాయి.

కేబినెట్, కూలర్

ముందు వైపు గాజు ఉన్న కేబినెట్ ఫోటోకు బాగుంటుంది. గాలి ఎక్కడినుంచి వస్తుంది? ముందు జాలీ ఉన్నది, దాని వెనక తీసి కడుక్కునే దుమ్ము ఫిల్టర్ ఉన్నది, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి. ఇదే నా సలహా. లోపలికి వచ్చే గాలి బయటకు పోయేదానికన్నా కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము రాదు. ఇంటి దగ్గర మెట్రో పనులు జరుగుతుంటే ఫిల్టర్ ఎంత త్వరగా నిండుతుందో మీకే తెలుస్తుంది.

7600తో వచ్చే కూలర్ ఏసీ గదికి సరిపోతుంది. ఏసీ లేకపోతే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న సింగిల్ టవర్ కూలర్ కొనండి. పెద్ద ఖర్చేమీ కాదు, పైగా చప్పుడు తగ్గుతుంది. దాని ఎత్తు, కేబినెట్ అనుమతించే ఎత్తు ముందే సరిచూసుకోండి. ఈ స్థాయి చిప్పుకు వాటర్ కూలర్ అనవసరం.

రిచీ స్ట్రీట్‌లో

చెన్నైలో కంప్యూటర్ పార్టుల బజారు ఇది. గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు. తిరువాన్మియూర్, తరమణి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎంఆర్‌టీఎస్ రైలెక్కి చింతాద్రిపేటలో దిగొచ్చు. పేరుకు ఒక వీధే గానీ, నరసింగపురం వీధి, పక్క సందులు అన్నీ కలిపే రిచీ స్ట్రీట్ అంటారు. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి. వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి, మాట్లాడటానికి వాళ్ళకూ తీరిక ఉంటుంది. తమిళం రాదని బెంగ అక్కర్లేదు, ఇంగ్లీషు, హిందీ నడుస్తాయి, తెలుగు మాట్లాడేవాళ్ళూ తగులుతారు.

మోడల్ పేర్లన్నీ అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోండి, పక్కన ఆ రోజు ఆన్‌లైన్ ధర వేయండి. మూడు నాలుగు షాపుల్లో కొటేషన్ తీసుకోండి. కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో మొదటి ప్రశ్నగానే అడగండి. ఆన్‌లైన్ కన్నా కాస్త ఎక్కువైనా సరే, పక్క ఊరికి కొరియర్ చేయకుండా వారంటీకి వెళ్ళి అడిగే మనిషి ఉండటానికి ఒక విలువ ఉంది.

"ఆ బోర్డు స్టాక్ లేదన్నా, దానికన్నా మంచిది ఉంది, అదే రేటుకిస్తా" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఒక్కోసారి నిజమే కావచ్చు. అక్కడికక్కడ ఒప్పుకోకుండా "ఒక పది నిమిషాల్లో వస్తా" అని బయటికొచ్చి, టీ తాగుతూ ఆ మోడల్ గురించి ఫోన్‌లో చదవండి. పేరులో ఒక్క అక్షరం తేడాతో వీఆర్‌ఎమ్ హీట్‌సింక్ లేని బోర్డు అంటగట్టడం అక్కడ మామూలు. ప్రాసెసర్‌ను ట్రేలో ఇస్తామంటే, అంటే పెట్టె లేకుండా ఇస్తామంటే, దానికి కంపెనీ వారంటీ మీకు నేరుగా వర్తించదు. పెట్టెతో వచ్చిన ప్రాసెసర్‌కు మూడేళ్ళ వారంటీ ఉంటుంది. తగ్గింపు ఎంతిస్తే ఆ వారంటీ వదులుకోవచ్చో మీరే తేల్చుకోండి.

డబ్బు కట్టాక, షాపు దాటకముందే బోర్డు పెట్టె తెరిపించండి. సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయించి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. పిన్నులన్నీ ఒకే వరుసలో ఒకేలా మెరవాలి. ఒక్కచోట మెరుపు తేడాగా ఉందంటే అక్కడ పిన్ను వంగింది. ఇంటికి తెచ్చాక అదే చూస్తే వంచింది మీరే అంటారు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు ఉండాలి. థర్మల్ కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది, అక్కడే ఫోటో తీసుకోండి.

బిగించడం

చలిదేశాల వీడియోల్లో స్టాటిక్ కరెంటు గురించి భయపెడతారు. చెన్నై గాలిలో తేమకు ఆ బెడద తక్కువ, ఒకసారి ఇనుప వస్తువును ముట్టుకుని మొదలుపెడితే చాలు. ఇక్కడి అసలు సమస్య చెమట. వంగి పనిచేస్తుంటే నుదుటి నుంచి చుక్క నేరుగా బోర్డు మీద పడుతుంది. మెడలో తువ్వాలు వేసుకోండి, సాయంత్రం పూట పెట్టుకోండి.

బోర్డు పెట్టె అట్ట మీద బోర్డును ఉంచి మొదలుపెట్టండి. సాకెట్ లివర్ ఎత్తి, ప్రాసెసర్ మూల ఉన్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణంతో కలిపి, వేళ్ళతో అంచులు పట్టుకుని నిట్టనిలువుగా దించి వదిలేయండి. నొక్కాల్సిన పనే లేదు. లివర్ దించేటప్పుడు మాత్రం గట్టిగానే నొక్కాలి, ప్లాస్టిక్ మూత టప్‌మని దానంతటదే ఎగిరిపడుతుంది. ఆ చప్పుడుకు చిప్పు విరిగిందని అదిరిపడకండి. ర్యామ్ రెంటినీ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి. ఎస్‌ఎస్‌డీ బిగించండి. ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత థర్మల్ పేస్టు (వేడిని కూలర్‌కు చేరవేసే పేస్టు) వేయండి, 7600తో వచ్చే కూలర్‌కు అడుగున ముందే పూసి ఉంటుంది, దానికి అక్కర్లేదు. విడిగా కొన్న కూలర్ అయితే అడుగున "తీసేయండి" అని రాసిన పలుచటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది, దాన్ని ఒలిచేశాకే కూర్చోబెట్టండి. అది మరిచిపోయి, వంద డిగ్రీలు చూపిస్తోందని ప్రాసెసర్ మార్పించడానికి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కూలర్ స్క్రూలు ఒకటి పూర్తిగా కాకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాలి.

కేబినెట్‌లో పెట్టకముందే అట్ట మీదే ఒకసారి ఆన్ చేసి చూడండి. ఏఎమ్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తో ఉండిపోతాయి. కంగారుపడి ఆఫ్ చేయొద్దు. వేడి కాఫీ పూర్తయ్యేంతసేపు ఆగండి.

తర్వాతిది తేలికే. కేబినెట్‌లో ఇత్తడి స్టాండాఫ్‌లు, అంటే బోర్డు ఆనే చిన్న కాళ్ళు, బోర్డు రంధ్రాల కిందే ఉన్నాయా చూసి బోర్డు దించండి, పై మూలలోని 8 పిన్నుల ప్రాసెసర్ కేబుల్‌ను మరిచిపోకుండా దూర్చండి, గ్రాఫిక్స్ కార్డు క్లిక్‌మనేదాకా నొక్కండి. 16 పిన్నుల పవర్ కనెక్టర్ ఉన్న పెద్ద కార్డులైతే అది మొత్తం లోపలికి కూర్చుందో లేదో పక్కనుంచి చూడండి, వదులుగా ఉంటే కరిగిపోవచ్చు. మాడ్యులర్ సప్లై (కేబుళ్ళు విడిగా గుచ్చుకునేది) అయితే పాత సప్లై కేబుళ్ళు దీనికి వాడొద్దు. ఆకారం కలిసినా పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు, క్షణంలో డ్రైవులు కాలిపోతాయి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చండి, పైనున్న బోర్డు పోర్టుకు కాదు.

ఇప్పుడు ఓవర్‌క్లాకింగ్ సంగతి

ఒకప్పుడు ఇందులో నిజంగానే లాభం ఉండేది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏని 66 మెగాహెర్ట్జ్ బస్ నుంచి 100కి మారిస్తే 300 కాస్తా 450 మెగాహెర్ట్జ్ అయ్యేది, సగం వేగం ఉచితం. 2011 నాటి ఐ5 2500కే 3.3 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కు సులువుగా వెళ్ళేది. ఇప్పుడు ఆ మిగులును కంపెనీలే బూస్ట్ పేరుతో ముందే పిండేసుకుంటున్నాయి. మీకు మిగిలేది రెండు మూడు శాతం, మహా అయితే ఐదు.

దాని ఖరీదు లెక్క వేద్దాం. చిప్పు తినే కరెంటు వోల్టేజీ వర్గానికి, వేగానికి అనులోమంగా పెరుగుతుంది. ఐదు శాతం వేగం కోసం పది శాతం వోల్టేజీ పెంచారనుకోండి. 1.1ని 1.1తో, ఆ వచ్చినదాన్ని 1.05తో హెచ్చిస్తే 1.27. అంటే ఐదు శాతం వేగానికి 27 శాతం ఎక్కువ కరెంటు, 27 శాతం ఎక్కువ వేడి. పైగా గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డే వెనకబడుతుంటే ఆ ఐదు శాతం కూడా కనిపించదు. కోర్లన్నింటికీ ఒకే వేగం చేత్తో బిగిస్తే ఒక్క కోర్ పనిలో మునుపటికన్నా నెమ్మదించే అవకాశమూ ఉంది. ఎందుకంటే తనంతట తాను 5.1కి ఎగిరే చిప్పును మీరు 4.9 దగ్గర కట్టేశారు.

చేయదగ్గ ఓవర్‌క్లాకింగ్ ఒక్కటే, ర్యామ్‌ది. మీరు కొన్న 6000 ర్యామ్ బోర్డులో పెట్టగానే 6000 మీద నడవదు, 4800 లాంటి మామూలు వేగంతో మొదలవుతుంది. ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్‌ను, అంటే బయోస్‌లో ఎక్స్‌పోను, ఇంటెల్‌లో అయితే ఎక్స్‌ఎంపీని, ఆన్ చేయాలి. నియమాల ప్రకారం ఇది కూడా ఓవర్‌క్లాకింగే, వారంటీ షరతుల్లో ఏఎమ్‌డీ ఆ మాట రాసే ఉంచింది. దానికన్నా ముందు బయోస్ కొత్తదేనా చూడండి. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు కొన్ని ఎక్స్‌పో ఆన్ చేసిన బోర్డుల్లో కాలిపోయాయి, బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీ (చిప్పులో మెమరీని నడిపే భాగానికి ఇచ్చేది) ఎక్కువ ఇవ్వడం దానికి కారణం. తర్వాతి బయోస్‌లలో ఏఎమ్‌డీ దాన్ని 1.3 వోల్టులకు కట్టడి చేసింది. ఎక్స్‌పో పెట్టాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క తప్పు కూడా రాకూడదు.

ఇక వోల్టేజీ దించే దారి. 7600ఎక్స్ లాంటి 105 వాట్ల చిప్పు ఇప్పటికే కొనేసి ఉంటే, బయోస్‌లో ఎకో మోడ్ 65 వాట్లకు పెట్టండి. గేమ్‌ల్లో తేడా దాదాపు తెలియదు, వేడి మాత్రం బాగా దిగుతుంది. ఇంకా ముందుకు వెళ్ళాలంటే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌లో కర్వ్ ఆప్టిమైజర్ తెరిచి, ఆల్ కోర్, నెగటివ్, 10 అని ఇవ్వండి. దీంతో చిప్పు అదే వేగానికి తక్కువ వోల్టేజీ వాడుతుంది, ఆ మిగిలిన వెసులుబాటుతో ఒక్కోసారి వేగం కాస్త పెరుగుతుంది కూడా. బాగా నడిస్తే 15, ఆ తర్వాత 20. ఒక్కో చిప్పు ఒక్కో రకం, ఎవరో 30 పెట్టారని మీరు పెట్టకండి. ఇదీ వారంటీ షరతుల్లో ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుంది.

పరీక్ష దగ్గర చాలామంది తొందరపడతారు. ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్ పది నిమిషాలు నడిస్తే అంతా బాగున్నట్టు కాదు. అన్ని కోర్లూ కష్టపడేటప్పుడు వేగం తక్కువే ఉంటుంది. కర్వ్ తగ్గించిన చిప్పు తడబడేది ఒక్క కోర్ అత్యధిక వేగానికి ఎగిరినప్పుడు, అంటే మీరు బ్రౌజర్ తెరిచి తీరిగ్గా చదువుకుంటున్నప్పుడు. కోర్‌సైక్లర్ ఒక్కో కోర్‌ను విడివిడిగా పరీక్షిస్తుంది, రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ (WHEA) పేరుతో తప్పులు కనిపిస్తే ఐదు వెనక్కి తగ్గించండి. ఉష్ణోగ్రతలు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూడండి. డిసెంబర్‌లో సెట్ చేసినవాళ్ళు అగ్ని నక్షత్రం (మే నెలలో మండే ఎండల) రోజుల్లో, ఏసీ లేకుండా, మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి పరీక్షించాలి.

గ్రాఫిక్స్ కార్డుకు ఇంకా తేలిక. కార్డును సర్దే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో పవర్ లిమిట్‌ను 100 నుంచి 80కి లాగండి. ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, ఫ్యాన్ల రొద బాగా తగ్గుతుంది. కరెంటు బిల్లు మీద కూడా కన్నుంటే, ఐదొందల వాట్లు తినే పెద్ద కార్డులో వంద వాట్లు తగ్గించి రోజుకు ఆరు గంటలు ఆడితే నెలకు 18 యూనిట్లు, తమిళనాడులో రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో 36. ఇంట్లో ఏసీ కూడా ఉండి, దాటితే రేటు పెరిగే 500 యూనిట్ల గీత దగ్గర ఊగిసలాడేవాళ్ళకు ఆ 36 లెక్కలోకి వస్తాయి.

సెట్టింగ్ తేడా కొట్టి పీసీ ఆన్ కాకపోతే ప్లగ్ తీసి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని కాసేపు బయట ఉంచి మళ్ళీ పెట్టండి, అన్నీ మొదటికి వస్తాయి. అన్నీ కుదిరాక బయోస్‌లోనే ఒక ప్రొఫైల్‌గా సేవ్ చేసి, ఆ పేజీలన్నింటికీ ఫోన్‌తో ఫోటోలు కూడా తీసి ఉంచుకోండి. బయోస్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఎక్స్‌పోతో సహా సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, పాత ప్రొఫైల్ చాలా బోర్డుల్లో కొత్త బయోస్‌లోకి రాదు.